పేలుడు పదార్థాల నిల్వలో దూరమే తొలి రక్షణ – ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాలపై ఒక పరిశీలన

ఏలూరు: 2024 అక్టోబరు 31న, దీపావళి పండుగ నాడు, ఏలూరు నగరం తూర్పు వీధిలో ద్విచక్ర వాహనంపై తరలిస్తున్న ఉల్లిపాయ బాంబుల సంచి, వాహనం గుంతలో పడి కుదుపునకు లోనైనంతనే పేలిపోయినది. ఒకరు అక్కడికక్కడే మరణించగా మరి ఆరుగురు గాయపడినారు. గాయపడినవారిలో ఆ సంచితో ఏ సంబంధమూ లేక వీధిలో నిలుచున్నవారు కూడా ఉన్నారు. దానికి ముందు రోజు, అక్టోబరు 30న, తూర్పు గోదావరి జిల్లా ఉండ్రాజవరం మండలం సూర్యారావుపాలెంలో బాణసంచా తయారీ కేంద్రంపై పిడుగు పడి ఇద్దరు మహిళలు మరణించినారు. ఇంకను వెనుకకు వెళ్లినచో, 2022 నవంబరు 10న తాడేపల్లిగూడెం మండలం కడియద్దలో బాణసంచా తయారీ కేంద్రంలో సంభవించిన విస్ఫోటంలో కనీసం ముగ్గురు కార్మికులు సజీవ దహనమైనారు.

ఈ మూడు సంఘటనలు నేడు మూడు వేర్వేరు జిల్లాల దస్త్రాలలో ఉన్నవి. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు మూడు ప్రాంతాలూ ఒకే పశ్చిమ గోదావరి జిల్లాకు చెందినవి. జిల్లాలు వేరైనంత మాత్రాన సరుకు రాకపోకలు వేరు కాలేదు. ఒక మండలంలో తయారైన బాణసంచా పొరుగు జిల్లాలోని పట్టణంలో అమ్ముడుపోవుట, మూడవ జిల్లాలోని జాతరలో కాలుట యథాప్రకారం సాగుచున్నది. ఈ దృష్ట్యా మూడు సంఘటనలను కలిపి చూడవలసిన అవసరం కలదు.

మూడింటికీ కారణాలు వేరు. ఒకచోట కుదుపు, ఒకచోట పిడుగు, ఒకచోట తయారీ కేంద్రంలోనే చెలరేగిన మంట. ప్రమాదం జరిగిన ప్రతిసారీ చర్చ అంతయు ఈ కారణం చుట్టూనే తిరుగుట పరిపాటి. నిప్పురవ్వ ఎక్కడ పుట్టినదో తెలుసుకొనుట దర్యాప్తుకు అవసరమే. అయితే నిప్పురవ్వ ఏదో ఒకనాడు పుట్టును అన్న అంచనాతోనే పేలుడు పదార్థాల భద్రతా శాస్త్రం యావత్తు నిర్మితమైనది. మనిషి ఏమరుపాటును పూర్తిగా తొలగించుట సాధ్యం కాదు. పిడుగును ఆజ్ఞాపించుట అసలే సాధ్యం కాదు. ముందుగా నిర్ణయించి అమలు చేయగలిగినవి రెండే: ఒకచోట ఎంత నిల్వ ఉండవచ్చును, ఆ నిల్వకు మనుషులు ఎంత దూరంలో ఉండవలెను అన్నవి.

ఈ రెండింటికీ మధ్య లెక్క కలదు. విస్ఫోట తరంగం ఒకే తీవ్రతతో చేరే దూరం, పేలుడు పదార్థం బరువు యొక్క ఘనమూలాన్ని అనుసరించి పెరుగును. వాడుక మాటలో చెప్పవలెనన్నచో, బరువు ఎనిమిది రెట్లు అయినప్పుడు ప్రమాదకర దూరం రెట్టింపు అగును. 2008 నాటి పేలుడు పదార్థాల నియమావళి ప్రకారం ఒక సమయంలో 15 కిలోలకు మించని బాణసంచా తయారీకి జిల్లా మేజిస్ట్రేటు లైసెన్సు ఇవ్వవచ్చును. అంతకు మించిన తయారీకి కేంద్ర ప్రభుత్వ పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ అధికారుల లైసెన్సు అవసరం. 15 కిలోల లైసెన్సు గల షెడ్డులో పండుగ ముందు 120 కిలోలు చేరినచో, లైసెన్సు ఇచ్చేనాడు కొలిచిన దూరం సగానికి పడిపోయినట్లే. గోడలు కదలలేదు, పొరుగు ఇల్లు దగ్గరకు రాలేదు. అయినను దూరం తగ్గినది. తనిఖీకి వెళ్లిన అధికారి టేపుతో కొలిచి సంతృప్తి చెందుటలో గల చిక్కు ఇదే. టేపుతో పాటు తూనిక కూడా అవసరం.

నియమావళిలో లోపం ఉన్నదని చెప్పుటకు వీలులేదు. తయారీ గదిలో ఒకేసారి నలుగురికి మించి ఉండరాదు. తాత్కాలిక దుకాణాలు మండని సామగ్రితో నిర్మించవలెను. వాటి మధ్య కనీసం 3 మీటర్లు, ఇతర నిర్మాణాలకు 50 మీటర్ల ఎడం ఉండవలెను. అవి ఎదురెదురుగా ఉండరాదు. ఒక సముదాయంలో 50కి మించరాదు. నూనె దీపాలు, గ్యాసు దీపాలు వాడరాదు. విద్యుద్దీపాలను తీగతో వేలాడదీయరాదు. ఇవన్నియు గత ప్రమాదాల అనుభవం నుండి వచ్చిన వాక్యాలు. 2022 అక్టోబరు 23న విజయవాడ గాంధీనగర్‌లోని జింఖానా మైదానంలో బాణసంచా దుకాణాలు వరుసగా అంటుకొని ఇద్దరు మరణించిన సంఘటనను గుర్తు చేసుకొన్నచో, దుకాణానికి దుకాణానికి మధ్య ఎడం ఎందుకు ఉండవలెనో వేరుగా వివరించనక్కరలేదు.

రాష్ట్రంలో ఇటీవలి పెద్ద ప్రమాదాలను చూచినచో పరిమాణం, మనుషుల సంఖ్య రెండూ ఒకేచోట చేరుటయే ప్రాణనష్టానికి మూలమని స్పష్టమగును. 2014 అక్టోబరు 20న తూర్పు గోదావరి జిల్లా యు.కొత్తపల్లి మండలం వాకతిప్పలో 17 మంది లేక అంతకు మించి మరణించినారు. వారిలో అత్యధికులు మహిళలు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో 8 మంది, అదే సంవత్సరం అక్టోబరు 8న కోనసీమ జిల్లా రాయవరంలో యజమానితో సహా కనీసం 8 మంది మృతి చెందినారు. నలుగురు మాత్రమే ఉండవలసిన గది అన్న నియమాన్ని ఈ సంఖ్యల పక్కన ఉంచి చదువుకొనవలసి ఉన్నది. వాకతిప్ప, రాయవరం రెండును దీపావళికి ముందు దినాలలోనివన్నది కూడా గమనార్హం. పండుగకు పక్షం రోజుల ముందు నిల్వ అత్యధికం. కూలీల సంఖ్య అత్యధికం. తొందరపాటు కూడా అత్యధికమే.

గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ గల ఈ ప్రాంతానికి మరి రెండు ప్రత్యేక పరిస్థితులు తోడగుచున్నవి. మొదటిది తేమ. దీపావళి సరుకు తయారీ ముమ్మరంగా సాగే సెప్టెంబరు, అక్టోబరు మాసాలు ఇక్కడ వర్షాలు, ఉరుములు మెరుపులతో కూడినవి. తారాజువ్వలు, చిచ్చుబుడ్లకు వెలుగునిచ్చే అల్యూమినియం పొడి తడి తగిలినప్పుడు నైట్రేట్ లవణాలతో చర్య జరిపి వేడెక్కును. ఆ వేడి బయటకు పోలేని విధంగా సరుకును కుప్పగా పోసినచో తనంతట తానే అంటుకొనవచ్చును. ఎండ లేక ఆరని సరుకును గదిలో కుప్ప వేసి, తలుపు మూసి, మరుసటి రోజు ఆరవేయవచ్చునని అనుకొనుట ఈ ప్రాంతంలో సహజంగా కనిపించే అలవాటు. నిప్పు లేదు, సిగరెట్టు లేదు, విద్యుత్తు లేదు, అయినను ఎట్లు అంటుకొన్నదని ప్రమాదానంతరం ఆశ్చర్యపోవుట కూడ అంతే సహజం. పిడుగు విషయమై సూర్యారావుపాలెం సంఘటన తరువాత చెప్పవలసినది స్వల్పమే: నిల్వ గదులకు పిడుగు నిరోధక సాధనం అమర్చి, ఏటా పరీక్షింపజేయుట నియమావళిలోనే ఉన్నది. ఆ పరీక్ష ధ్రువపత్రాన్ని వర్షాకాలానికి ముందుగా అడుగుట మేలు.

రెండవది భూమి. డెల్టాలో మెరక స్థలం తక్కువ. గ్రామాలు కాలువ గట్ల వెంబడి, రహదారుల వెంబడి బారులుగా విస్తరించినవి. ఊరికి దూరమని ఎంచుకొన్న కొబ్బరితోట పదేళ్లలో లేఅవుటు పక్కకు వచ్చును. తాడేపల్లిగూడెంలో రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నిర్మించిన విమానాశ్రయపు రన్‌వే ఒకనాడు ఊరి వెలుపలిది. నేడు పట్టణం దానిని చేరుకొన్నది. ఖాళీగా ఉన్న నేలను ఖాళీగా ఉండనిచ్చే ఓపిక ఈ జిల్లాలలో ఎవరికీ లేదు. బాణసంచా కేంద్రానికి లైసెన్సు ఇచ్చునప్పుడు రెవెన్యూ, పోలీసు, అగ్నిమాపక శాఖలు స్థలాన్ని పరిశీలించి నిరభ్యంతర పత్రం ఇచ్చుచున్నవి. పక్క పొలంలో ఇళ్ల స్థలాలకు అనుమతి ఇచ్చే కార్యాలయం మాత్రం ఆ లైసెన్సును చూడవలసిన పరిస్థితి కల్పించబడలేదు. ఇద్దరూ తమ తమ నియమాలను పాటించినవారే. ఇద్దరి మధ్య దూరం మాయమైనది.

కొల్లేరు విషయం మరికొంత సున్నితమైనది. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటితమై, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరిన ఈ సరస్సులో లంక గ్రామాలకు చేరే మార్గాలు ఇరుకైనవి. అనేక చోట్ల గట్టు మీది దారి ఒక్కటే. అటువంటి గ్రామంలో ఒక దుకాణంలో గాని, ఇంటిలో గాని బాణసంచా అంటుకొన్నచో అగ్నిమాపక శకటం చేరుటకు, చేరినను మళ్లుటకు చోటు దొరకుట కష్టం. చేపల చెరువులపై వాలే పక్షులను బెదరగొట్టుటకు టపాకాయలు కాల్చే అలవాటు వలన పండుగతో సంబంధం లేకుండా కాపలా పాకలలో సరుకు నిల్వ ఉండే అవకాశం ఉన్నది. అభయారణ్యం పరిధిలో వన్యప్రాణులకు హాని కలిగించే పేలుడు పదార్థాల వాడకాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 32వ సెక్షను నిషేధించుచున్నది. కావున ఇక్కడ ఈ విషయం అటవీ శాఖ పరిధిలోనికి కూడా వచ్చుచున్నది. కాపలా పాకలో కిరోసిన్ దీపం, వంట పొయ్యి, టపాకాయల పెట్టె ఒకే కప్పు కింద ఉండుట ఏ ఒక్క శాఖ తనిఖీలోనూ కనిపించక జారిపోయే విషయమని గమనించవలెను.

తరలింపు మూడవ అంశం. నిల్వ గదికి లైసెన్సు, గోడ, కాపలా ఉండును. అక్కడి నుండి బయలుదేరిన సరుకుకు ఇవేవీ ఉండవు. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లెలో గని వద్ద వాహనం నుండి జిలెటిన్ స్టిక్స్ దించుచుండగా విస్ఫోటం సంభవించి 10 మంది మరణించినారు. ప్రమాదం నిల్వలో కాక నిల్వకు చేర్చుటలో జరిగినది. ఏలూరు తూర్పు వీధి సంఘటన కూడా అటువంటిదే. అప్పట్లో చర్చ రహదారిపై గుంత మీదికి మళ్లినది. గుంతను పూడ్చవలసినదే, సందేహం లేదు. కాని నేలకు కొట్టినంతనే పేలుటకు తయారు చేసిన వస్తువును సంచిలో కుక్కి, జనసమ్మర్దం గల వీధిలో తీసుకువెళ్లుటయే అసలు ప్రమాదం. ఆ సంచికి గుంతయే అవసరం లేదు; వేగ నిరోధకం చాలును. ఒరిపిడికి, దెబ్బకు పేలే స్వభావం క్లోరేట్ లవణాల మిశ్రమాలలో అధికం. గంధకాన్ని క్లోరేట్‌తో కలిపిన పేలుడు పదార్థాలను కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించినది. నిషేధం జరిగి మూడు దశాబ్దాలు దాటినను, ఏటా పండుగ ముందు చేతితో చుట్టిన బాంబులు వీధులలో అమ్ముడుపోవుట మానలేదు. లైసెన్సు గల దుకాణాలను తనిఖీ చేయుట సులభం, ఎందుకనగా వాటి చిరునామా ఉన్నది. చిరునామా లేని సరుకును పట్టుకొనుట ముడిసరుకు అమ్మకం వద్దనే సాధ్యం.

శిక్షల విషయంలో కూడా ఒక మాట. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం 9బి సెక్షను ప్రకారం నియమాలకు విరుద్ధంగా తయారు చేసినచో మూడేళ్ల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా. కలిగి ఉన్నందుకు, అమ్మినందుకు, తరలించినందుకు రెండేళ్ల వరకు జైలు, 3,000 రూపాయల వరకు జరిమానా. ఒక్క పండుగ బేరంలో ఈ జరిమానా ఏ మూలకు వచ్చునో వ్యాపారులకు బాగుగా తెలియును. ఈ చట్టం స్థానే కొత్త చట్టం తెచ్చి జరిమానాలను పెంచుటకు ఉద్దేశించిన ముసాయిదాను కేంద్రం 2024లో ప్రకటించినది. జరిమానా పెంపు కన్నను, పరిమితికి మించిన నిల్వ కనిపించిన నాడే సరుకును స్వాధీనపరచుకొనుట వలన ప్రాణరక్షణ త్వరగా జరుగునన్నది అనుభవం చెప్పుచున్న విషయం.

తెలుగులో ‘మందుగుండు’ అన్న మాట దీపావళి టపాకాయకు, సైన్యపు తూటాకు సమానంగా చెల్లుచున్నది. చట్టం మాత్రం రెండింటినీ వేరు చేసినది. సాయుధ దళాల నిల్వలకు 1884 చట్టం వర్తించదు. వాటికి రక్షణ శాఖ స్వంత నియమాలు కలవు. ఈ వ్యత్యాసం ఇప్పుడు ఏలూరు జిల్లాకు ముఖ్యమైనది. జీలుగుమిల్లి మండలం వంకావారిగూడెం పరిసరాలలో నౌకాదళ ఆయుధ డిపో నెలకొల్పే ప్రతిపాదన 2025లో చర్చకు రాగా, గిరిజన రైతులు, గ్రామస్థులు అభ్యంతరం తెలిపినారు. భూమి పోవునన్న ఆందోళనతో పాటు, పేలుడు జరిగినచో ఏమగునన్న ప్రశ్న కూడా వారు వేసినారు. ఆ ప్రశ్నను అజ్ఞానంగా గాని, దేశ రక్షణకు వ్యతిరేకతగా గాని చూచుట సరికాదు. దేశంలో సైనిక మందుగుండు డిపోలలో ప్రమాదాలు జరిగినవి.

2000 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని భరత్‌పూర్ సైనిక మందుగుండు డిపోలో ఎండుగడ్డికి అంటుకొన్న మంట నిల్వలను చేరి, వందల కోట్ల రూపాయల మందుగుండును దహించినది. గడ్డి కోయుట వంటి సాధారణ విధిని నిర్లక్ష్యం చేసినచో ఎంత నష్టం వాటిల్లునో తెలిపిన సంఘటన అది. 2016 మే 31న మహారాష్ట్ర వార్ధా జిల్లాలోని పుల్‌గావ్ కేంద్ర మందుగుండు డిపోలో ట్యాంకు విధ్వంసక మందుపాతరల నిల్వ పేలి, ఇద్దరు అధికారులతో సహా కనీసం 16 మంది మరణించినారు. మందుపాతరల నుండి పేలుడు పదార్థం స్రవించుట కారణమన్న విషయం అప్పట్లో విస్తృతంగా చర్చకు వచ్చినది. మృతులు ప్రధానంగా డిపో సిబ్బంది, మంటలనార్పుటకు వెళ్లినవారే. విశాలమైన ఆ డిపోలో నిల్వ కేంద్రాలకు, గ్రామాలకు మధ్య ఎడం ఉండుట వలననే పరిసర గ్రామాలలో కిటికీలు అదిరి, జనం ఊళ్లు విడిచి పరుగెత్తవలసి వచ్చినను, పెద్ద ప్రాణనష్టం డిపో హద్దు దాటలేదు. అక్కడ దూరం తన పని తాను చేసినది.

దీనికి భిన్నమైన ఉదాహరణ హర్యానాలోని గురుగ్రామ్‌లో ఉన్నది. అక్కడి వైమానిక దళ మందుగుండు డిపో చుట్టూ 900 మీటర్ల మేర నిర్మాణాలను 1903 నాటి రక్షణ పనుల చట్టం కింద నిషేధించినారు. అయినను ఆ పరిధిలో వేలాది ఇళ్లు వెలసినవి. వ్యాజ్యాలు ఏళ్ల తరబడి సాగినవి. ఇల్లు కొన్నవారు నష్టపోయినారు. డిపో భద్రత కూడా నష్టపోయినది. నిషేధపు గీత కాగితంపై ఉండి, నేలపై హద్దురాయి లేనప్పుడు జరిగేది ఇదే.

కావున జీలుగుమిల్లి విషయంలో గ్రామస్థులకు చెప్పవలసిన మొదటి సమాచారం సేకరించే భూమి ఎన్ని ఎకరాలన్నది మాత్రమే కాదు. డిపో కంచె వెలుపల ఎంత దూరం వరకు ఇల్లు కట్టరాదు, బోరు వేయవచ్చునా, సాగు చేయవచ్చునా, కట్టుటకు వీలులేని నేలకు పరిహారం ఉండునా అన్నవి కూడా సమాధానం చెప్పవలసిన ప్రశ్నలు. కంచె లోపలి భూమికి పరిహారం లభించును. కంచె వెలుపలి ఆంక్షల భూమి రైతు పేరనే ఉండును గాని విలువ తగ్గును. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించుట 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టం ప్రకారం తప్పనిసరి. ఆ సంప్రదింపులో భద్రతా పరిధి పటం లేనిచో అది అసంపూర్ణమే అగును. నిల్వల జాబితా, వాటి స్వభావం రక్షణ రహస్యాలు కావచ్చును. ఇల్లు ఎక్కడ కట్టరాదన్నది రహస్యం కాజాలదు.

సూర్యారావుపాలెం వంటి చిన్న షెడ్డుకైనను ఇదే వర్తించును. ప్రస్తుతం ఏ లైసెన్సు ఏ సర్వే నంబరులో ఉన్నదో కలెక్టరేటు దస్త్రంలో లభించును. అది పంచాయతీ కార్యదర్శి వద్ద, పట్టణ ప్రణాళికా విభాగం వద్ద, సమీప అగ్నిమాపక కేంద్రం వద్ద గ్రామ పటంపై గుర్తించి ఉన్నచో, లేఅవుటు దరఖాస్తు వచ్చిన నాడే విషయం బయటపడును. అగ్నిమాపక సిబ్బందికి కూడా తాము వెళ్లుచున్నది గడ్డివాము వద్దకా, మందుగుండు గది వద్దకా అన్నది ముందే తెలియును. ఇందుకు కొత్త చట్టం గాని, నిధులు గాని అక్కరలేదు.

ప్రమాద వార్తల సేకరణలో పాత్రికేయులు మృతుల సంఖ్యను, ఎక్స్‌గ్రేషియాను తప్పక రాయుచున్నారు. అందుతో పాటు లైసెన్సు ఎన్ని కిలోలకు, ప్రమాద సమయంలో గదిలో ఉన్నవారు ఎందరు, సమీప నివాసం ఎన్ని మీటర్లలో ఉన్నది అన్న మూడు వివరాలు కూడా అడిగి ప్రచురించినచో, ఆ వార్తకు ఉపయోగం పెరుగును. 1884 చట్టం ప్రకారం ప్రమాదంపై విచారణ జరిపే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు ఉన్నది. ఈ మూడు వివరాలు ఆ విచారణ నివేదికలో ఎట్లాగూ ఉండవలసినవే. కడియద్దకు, సూర్యారావుపాలేనికి, ఏలూరు తూర్పు వీధికి సంబంధించిన వివరాలను మూడు జిల్లాల అధికారులు దీపావళి లైసెన్సుల దరఖాస్తులు స్వీకరించుటకు ముందే ఒకచోట కూర్చొని పరిశీలించుట వాంఛనీయం.